పాల పుట్టగొడుగుల బెడ్డు మీద కేసింగ్ (పైన పరిచే మట్టి లేదా పీచు పొర) ఎంత మందం వేయాలి? గడ్డి ఏది మంచిది?

మిద్దెగది_నాచారం · మే 27, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. పోయిన చలికాలంలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పది కవర్లు పెట్టాను. బాగానే వచ్చాయి, ఇంట్లో తిన్నాం, పక్కింటివాళ్లకూ ఇచ్చాం. ఎండాకాలానికి పాల పుట్టగొడుగులే సరైనవని ఇక్కడ చదివి ఏప్రిల్ 20న ఆరు కవర్లు వేశాను. మిద్దె మీద రేకుల గది, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాను. వరిగడ్డి భువనగిరి దగ్గర మా మరిది పొలంలోది. కవర్లు బేగంబజార్‌లో కొన్న పన్నెండు, ఇరవై నాలుగు అంగుళాలవి.

మూడు వారాలకు కవర్లన్నీ తెల్లగా అల్లుకున్నాయి. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు. మే 11న మూడు కవర్లను మధ్యకు కోసి ఆరు ముక్కలు చేశాను. చేవెళ్ల నుంచి తెచ్చిన నల్లమట్టి జల్లించి, ఆవిరి పట్టి, పైన రెండు అంగుళాలు పరిచాను. రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లుతున్నాను. ఇవాళ్టికి పదహారు రోజులు, ఒక్క మొగ్గ లేదు. మట్టి పైన పర్రెలు వచ్చాయి. ఒక ముక్కలో అంచున ఆకుపచ్చ మచ్చ కూడా కనిపిస్తోంది. మిగతా మూడు కవర్లు ఇంకా కోయలేదు, భయపడి ఆపేశాను.

ఒక వీడియోలో అంగుళం చాలంటారు, ఇంకోదాంట్లో రెండు అంగుళాలు, మరొకరు నాలుగు సెంటీమీటర్లు. ఎవరి మాట నమ్మాలి? అసలు తప్పు మందంలో ఉందా, మట్టిలో ఉందా, గడ్డిలో ఉందా? నాకైతే రాత్రి నిద్ర పట్టడం లేదు, అంత టెన్షన్‌గా ఉంది.

గడ్డివాము_ఘట్‌కేసర్ · మే 27, ఉదయం 7:15

అక్కా, కంగారు పడకండి. మూడు విషయాలు చెప్పండి. ఒకటి, కవరు పక్కనుంచి చూస్తే మట్టి కింద ఉన్న గడ్డి ఏ రంగులో ఉంది? రెండు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుట్టగొడుగు వాసనా, పులిసిన వాసనా? మూడు, మట్టిలోకి తెల్ల పోగులు, అంటే గడ్డిని అల్లుకున్న పుట్టగొడుగు దారాలు, ఎంతవరకు ఎక్కాయి?

మిద్దెగది_నాచారం · మే 27, ఉదయం 8:05

ఇప్పుడే చూసి వచ్చాను. గడ్డి పైన రెండు మూడు వేళ్ల మేర ముదురు గోధుమ రంగుకు తిరిగింది, తడిగా ఉంది. కింద తెల్లగానే ఉంది. నాలుగు ముక్కలు మంచి వాసనే, రెండు కొంచెం పులుపు. పోగులు మట్టిలో సగం దాకా కూడా ఎక్కలేదు.

విశ్రాంత_వ్యవసాయాధికారి · మే 27, ఉదయం 9:30

అమ్మా, మీరు గమనించి రాసిన దాంట్లోనే జవాబు ఉంది. గడ్డి తప్పు కాదు. మూడు వారాల్లో కవరంతా తెల్లగా అల్లుకుందంటే గడ్డి ఉడకబెట్టడం, తేమ, విత్తనం అన్నీ సరిగానే కుదిరాయి. తేడా వచ్చింది పైపొరలోనే, అదీ మందం, మట్టి రెండూ కలిసి.

కేసింగ్ ఎందుకు వేస్తామో ముందు చెబుతాను, మందం సంగతి దాన్నుంచే తేలుతుంది. పాల పుట్టగొడుగుకు తిండి గడ్డిలో ఉంటుంది, నీళ్లు పైపొరలో ఉంటాయి. గడ్డి మీద నేరుగా నీళ్లు పోస్తే కుళ్లుతుంది. అందుకని తిండి లేని, నీళ్లు పట్టుకునే పొర ఒకటి పైన కప్పుతాం. పోగులు అందులోకి ఎక్కి, తిండి దొరకక, గాలి తగిలి, అక్కడ మొగ్గ కడతాయి. అంటే ఆ పొర నీళ్లు పట్టుకోవాలి, గాలినీ పోనివ్వాలి. నల్లరేగడి నీళ్లు పట్టుకోవడంలో గట్టిది, గాలిని మాత్రం పోనివ్వదు. తడిస్తే ముద్దై రంధ్రాలు మూసుకుంటుంది, ఆరితే పర్రెలు విచ్చుతుంది. పర్రెల గుండా మీరు చల్లిన నీళ్లన్నీ గడ్డి మీదికే దిగాయి. గోధుమ రంగు అందుకే.

మందం గురించి సోలన్‌లోని పుట్టగొడుగుల పరిశోధనా సంచాలనాలయం పాల పుట్టగొడుగుకు చెప్పేది 2 నుంచి 3 సెంటీమీటర్లు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2 సెంటీమీటర్లు చాలంటారు. ఈ పుట్టగొడుగును పెంచే పద్ధతి మీద ఎక్కువ పనిచేసింది వాళ్లే, అరుప్పుకోట్టై కేంద్రం నుంచి 1998లో ఏపీకే 2 అనే రకం విడుదల చేశారు. తెల్లగుండీ (బటన్) పుట్టగొడుగుకు 3 నుంచి 4 సెంటీమీటర్లు వేస్తారు. మీరు చూసిన నాలుగు సెంటీమీటర్ల వీడియో బహుశా దాని గురించి అయివుంటుంది.

కొత్త_సాగు_మియాపూర్ · మే 27, ఉదయం 10:12

సార్, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను ముత్యపు చిప్ప వేద్దామనుకుంటున్నాను. దానికీ ఈ మట్టి వేయాలా?

గడ్డివాము_ఘట్‌కేసర్ · మే 27, ఉదయం 10:20

వద్దు తమ్మీ. ముత్యపు చిప్ప గడ్డి మీదనుంచే వస్తుంది, కవరుకు గాట్లు పెడితే చాలు. వరిగడ్డి పుట్టగొడుగుకూ కేసింగ్ ఉండదు. మట్టి కావాల్సింది పాల పుట్టగొడుగుకు, తెల్లగుండీకి. ఇప్పుడైతే ముత్యపు చిప్ప మొదలుపెట్టకు, ఎండలు తగ్గనీ.

పీచుకుండీ_సైనిక్‌పురి · మే 27, మధ్యాహ్నం 12:45

సార్ చెప్పింది నిజమే కానీ 2 సెంటీమీటర్ల మాట మన ఊరి ఎండాకాలానికి నాకు కుదరలేదు. పోయిన మే నెలలో మొదట 2 సెంటీమీటర్లే వేశాను, కోకోపీట్‌తో. ఉదయం ఆరింటికి నీళ్లు కొడితే పదకొండుకు పొడిపొడిగా రాలేది. మొగ్గలు అగ్గిపుల్ల తలంత వచ్చి, పసుపు రంగుకు తిరిగి ఎండిపోయాయి. తరువాతి విడతకు మూడున్నర వేశాను, నిలబడ్డాయి.

రోహిణి కార్తెలో మన దగ్గర మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం కూడా ఉండని రోజులు చాలా ఉంటాయి. పాల పుట్టగొడుగుకు కావాల్సింది 80 నుంచి 90. ఆ తేడానంతా పైపొరే మోయాలి. కోయంబత్తూరులోని ఆ విశ్వవిద్యాలయం వాళ్లు నీలిరంగు పట్టా కప్పిన, సగం భూమిలోకి దిగిన గదుల్లో పెంచుతారు. అక్కడ 2 సెంటీమీటర్లు సరిపోవచ్చు. రేకుల గదిలో సరిపోతుందా?

ఇంకోటి, దయచేసి మట్టి మానేయండి. కోకోపీట్ ఐదు కిలోల ఇటుక ఒకటి నానబెడితే డెబ్బై లీటర్ల దాకా ఉబ్బుతుంది. మిద్దె మీదికి మట్టి మూటలు మోసే బాధ ఉండదు.

ఎర్రచెలక_శామీర్‌పేట · మే 27, మధ్యాహ్నం 1:30

మట్టి మానేయండి అనడం సరికాదు. నేను నాలుగేళ్లుగా ఎర్రమట్టితోనే వేస్తున్నాను. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, గుప్పెడు సుద్ద పొడి. ఖర్చు సంచి కిరాయే. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది. కోనసీమ నుంచి వచ్చేదాన్ని కడగకుండా వాడితే పోగులు పైకి ఎక్కనే ఎక్కవు. మా తమ్ముడు ఒకసారి అలాగే వేసి ఇరవై కవర్లు పారబోశాడు.

పీచుకుండీ_సైనిక్‌పురి · మే 27, మధ్యాహ్నం 1:48

కడగాలన్నది నిజం అన్నా, నేను రాయడం మరిచాను. మూడుసార్లు మంచినీళ్లు మార్చి పిండుతాను. చివరిసారి పిండిన నీళ్లు నాలుక కొసకు తగిలిస్తే ఉప్పు తెలియకూడదు. తరువాత సుద్ద పొడి కలుపుతాను. కోకోపీట్ కొంచెం పులుపు స్వభావం, పాల పుట్టగొడుగుకు పీహెచ్ ఏడున్నర, ఎనిమిది మధ్య ఉంటే ఆకుపచ్చ బూజు అంత తేలిగ్గా దిగదు.

విశ్రాంత_వ్యవసాయాధికారి · మే 27, సాయంత్రం 5:10

ఇద్దరూ చెప్పేది ఒకటే. మందం అనేది ఒంటరి అంకె కాదు. తేలికైన, గాలి ఆడే పదార్థమైతే కొంచెం ఎక్కువ వేసినా నష్టం లేదు, పోగులు ఎక్కిపోతాయి. బరువైన, ముద్దయ్యే మట్టి అయితే పలుచగానే వేయాలి. గది పొడిగా ఉంటే తేలిక పదార్థం తీసుకుని మందం పెంచాలి, అంతే తప్ప బరువైన మట్టిని మందంగా వేయకూడదు. నాచారం అమ్మాయి గదికి కోకోపీట్ మూడు సెంటీమీటర్లు, లేదా ఎర్రమట్టి, ఇసుక కలిపింది రెండు. నా సలహా ఇది. నల్లమట్టి మాత్రం వద్దు. ఐదు సెంటీమీటర్లు ఏ మట్టితోనూ వద్దు.

సైనిక్‌పురి వారి అనుభవాన్ని నేను కాదనను. 2 నుంచి 3 అన్నది గదిలో తేమ అదుపులో ఉన్నప్పటి మాట.

లెక్కలమాస్టారు_ఉప్పల్ · మే 27, రాత్రి 8:20

మందం సెంటీమీటర్లలో చెబితే చేతికి అందదు. కొలిచి పోయండి. పన్నెండు అంగుళాల వెడల్పు కవరును గడ్డితో నింపితే గుండ్రంగా అవుతుంది. చుట్టుకొలత ఇరవై నాలుగు అంగుళాలు, అడ్డకొలత 19 సెంటీమీటర్లు. పైభాగం దాదాపు 290 చదరపు సెంటీమీటర్లు. అందులో రెండున్నర సెంటీమీటర్ల పొర వేయాలంటే ముప్పావు లీటరు మిశ్రమం కావాలి. మూడు సెంటీమీటర్లకు ముప్పావు మీద చిన్న గ్లాసు. ఇంట్లో అర లీటరు చెంబుంటే చెంబున్నర పోసి చేత్తో సమం చేయండి.

నాచారం మేడం వేసిన రెండు అంగుళాలు ఒక్కో ముక్క మీద దాదాపు లీటరున్నర. నల్లమట్టి తడిస్తే రెండు కిలోల పైనే బరువు. ఆ బరువుకు కింద గడ్డి అణిగిపోయి గాలి ఆడదు. ఇది కూడా ఒక కారణమేనని నా అనుమానం.

కోకోపీట్ విషయంలో ఒక జాగ్రత్త. పొడిగా గుల్లగా పోసినప్పుడు నాలుగు సెంటీమీటర్లు కనిపిస్తుంది, రెండుసార్లు నీళ్లు పడగానే మూడుకు అణుగుతుంది. అణిగాక కొలవాలి. అగరుబత్తి పుల్లకు మూడు సెంటీమీటర్ల దగ్గర గీత పెట్టి నాలుగుచోట్ల గుచ్చి చూడండి. నడుమ ఎక్కువ, అంచున తక్కువ ఉండడం అందరూ చేసే పొరపాటు. పలుచగా ఉన్నచోట మొగ్గలన్నీ ఒకేసారి గుంపుగా వచ్చి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

మిద్దెగది_నాచారం · మే 27, రాత్రి 9:50

లెక్క చూసి నిజంగా ఆశ్చర్యపోయాను సార్. రెండు కిలోల బరువు పెట్టానని నాకు తోచనే లేదు. ఎక్కువ వేస్తే తేమ ఎక్కువ నిలుస్తుంది కదా అనుకున్నాను.

రేపు ఇలా చేద్దామనుకుంటున్నాను. వాసన బాగున్న నాలుగు ముక్కల్లో రెండింటి మట్టి పూర్తిగా తీసేసి కోకోపీట్ మూడు సెంటీమీటర్లు. ఇంకో రెండింటి మట్టి సగానికి గీకేసి, ఉన్నదాన్ని ఫోర్కుతో కదిపి వదిలేయడం. పులిసిన రెండు పారేయడం. కోయని మూడు కవర్లను ఇంకో నాలుగు రోజులు ఆపి అప్పుడు కోసి, సగం ముక్కలకు కోకోపీట్, సగం ముక్కలకు ఎర్రమట్టి మిశ్రమం. సరేనా?

గడ్డివాము_ఘట్‌కేసర్ · మే 27, రాత్రి 10:05

సరే అక్కా. పులిసినవి, ఆకుపచ్చ మచ్చ ఉన్నది గదిలో విప్పకండి. కవరు మూతి కట్టి కిందికి తీసుకెళ్లి విప్పండి. ఆ ఆకుపచ్చ పొడి లేచిందంటే మిగతావాటి మీద పడుతుంది. చేతులు, ఫోర్కు డెటాల్ నీళ్లతో కడిగాకే మంచివి ముట్టండి.

మట్టి తీసేటప్పుడు గడ్డి మీద తెల్లపొర చిరిగినా ఫర్వాలేదు, మళ్లీ అల్లుకుంటుంది.

ఇడ్లీపాత్ర_దిల్‌సుఖ్‌నగర్ · మే 28, ఉదయం 6:30

కేసింగ్ మిశ్రమం ఆవిరి పట్టే తీరు గురించి. ప్రెషర్ కుక్కర్‌లో గంటసేపు విజిల్స్ వేయించి పూర్తిగా ఉడికించేవాళ్లు ఉన్నారు. అంత అవసరం లేదు. తెల్లగుండీ సాగులో తేలిన విషయం ఏమిటంటే, కేసింగ్‌లో ఉండే మంచి బ్యాక్టీరియా మొగ్గ కట్టడానికి తోడ్పడుతుంది. సూడోమోనాస్ పుటిడా పేరు అందరూ చెబుతారు. అన్నింటినీ చంపేస్తే ఖాళీ అయిన చోటికి ముందుగా వచ్చేది ఆకుపచ్చ బూజే. నేను గుడ్డలో మూటకట్టి పెద్ద ఇడ్లీపాత్రలో ఆవిరి మీద పెడతాను. మూట నడుమ చేయి పెట్టలేనంత వేడెక్కాక గంటసేపు ఉంచి, మూత తీయకుండా రాత్రంతా చల్లారనిస్తాను.

కొత్త_సాగు_మియాపూర్ · మే 28, ఉదయం 11:00

ఇప్పుడు గడ్డి గురించి కూడా చెప్పండి సార్. మాకు ఇక్కడ వరిగడ్డి దొరకడం కష్టం. కింద చెరకు రసం బండి ఉంది, పిప్పి ఉచితంగా ఇస్తానంటున్నాడు. ఎదురుగా ఇరానీ హోటల్, రోజూ బకెట్టెడు టీ పొడి పారబోస్తారు. ఇవి పనికొస్తాయా?

గడ్డివాము_ఘట్‌కేసర్ · మే 28, మధ్యాహ్నం 12:10

టీ పొడి వద్దు. ఇరానీ చాయ్‌లో పాలు, చక్కెర కలిసినది అస్సలు వద్దు, రెండు రోజుల్లో బూజు పడుతుంది. చెరకు పిప్పి పనికొస్తుంది కానీ అందులో రసం మిగిలి ఉంటుంది. ఆ తీపికి మన విత్తనం కన్నా ముందు ఆకుపచ్చ బూజు చేరుతుంది. ముక్కలు చేసి, రెండు మూడు నీళ్లలో కడిగి, ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, అప్పుడు మళ్లీ నానబెట్టి ఉడికించాలి. మొదటిసారికి మాత్రం వరిగడ్డే వాడు తమ్మీ. పశువుల పాకల వాళ్లను అడిగితే ఒక మోపు ఇస్తారు, నీకు అంతకన్నా అక్కర్లేదు.

గడ్డి ఎంచుకోవడంలో నేను చూసేవి చెబుతాను. నా దగ్గర నలభై కవర్ల షెడ్డు ఉంది, ఎన్నో దెబ్బలు తిన్నాక నేర్చుకున్నాను. బంగారు రంగులో, మెరుస్తూ, విరిస్తే టప్పున విరగాలి. కోత సమయంలో వానకు తడిసి నల్లబడిన గడ్డి ఎంత చవగ్గా వచ్చినా తీసుకోను, దాని మీద వేరే బూజులు అప్పటికే కాపురం పెట్టి ఉంటాయి. యాసంగి గడ్డి నాకు ఎక్కువ కలిసొచ్చింది, వాన తగలకుండా ఇంటికి చేరుతుంది కాబట్టి. మిషన్ కోసిన గడ్డి నలిగి ఉంటుంది, త్వరగా నానుతుంది, త్వరగా ముద్ద కూడా అవుతుంది. చేత్తో కోసిన గడ్డి దొరికితే వదలకండి. ఇంకో అనుమానం. పాముపొడ తెగులుకు కోతకు ముందు మందు కొట్టిన పొలం గడ్డి మీద విత్తనం నెమ్మదిగా పాకింది, రెండుసార్లు చూశాను. తెగులు మందు అంటే శిలీంధ్రాన్ని చంపేదే కదా. రైతును అడిగి తీసుకోవడం మంచిది.

విశ్రాంత_వ్యవసాయాధికారి · మే 28, మధ్యాహ్నం 3:00

చక్కగా చెప్పారు. జొన్నచొప్ప, మొక్కజొన్న కండెలు, పత్తి మిల్లు వ్యర్థం కూడా పనికొస్తాయి. పత్తి వ్యర్థం నీళ్లు బాగా పట్టుకుంటుంది, ఒంటరిగా వేస్తే ముద్దవుతుంది, గడ్డిలో కలపాలి. రంపపు పొట్టు వాడేవాళ్లు టేకు పొట్టు, ప్లైవుడ్ పొట్టు తీసుకోవద్దు. టేకులోని నూనెలు, ప్లైవుడ్‌లోని జిగురు రెండూ చెరుపే.

గడ్డిని 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలు చేసి, ఎనిమిది గంటలు నానబెట్టి, 80 డిగ్రీల నీళ్లలో గంట ఉంచండి. తరువాత ఆరబెట్టడమే అసలు పని. గుప్పిట నిండా తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల మధ్య ఒకటి రెండు బొట్లు కనిపించాలి, ధార కారకూడదు. అప్పుడు తేమ 65 శాతం దగ్గర ఉన్నట్టు లెక్క. విత్తనం తడిగడ్డి బరువులో నాలుగైదు శాతం, పొరలు పొరలుగా.

కార్బెండజిమ్, ఫార్మలిన్ కలిపిన నీళ్లలో నానబెట్టే పద్ధతి పుస్తకాల్లో ఉంది, పెద్ద షెడ్లలో చేస్తారు. అపార్ట్‌మెంట్లలో, పిల్లలు తిరిగే ఇళ్లలో దాని జోలికి పోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఫార్మలిన్ ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు చేటు. గ్యాస్ కొంత ఖర్చయినా వేడినీళ్లే మేలు.

ఎర్రచెలక_శామీర్‌పేట · మే 29, ఉదయం 7:00

నీళ్ల గురించి ఎవరూ అనలేదు. మా బోరునీళ్లు గచ్చు మీద పోసి ఆరనిస్తే తెల్లమచ్చ పడుతుంది, అంత ఉప్పు. కేసింగ్ మీద రోజూ అవే చల్లితే పైన తెల్లటి పెచ్చు కడుతుంది, చాలామంది దాన్ని చూసి పోగులు అనుకుని మురిసిపోతారు. గోరుతో గీకితే పిండిలా రాలితే అది ఉప్పు. నగరంలో ఉన్నవాళ్లు నల్లా నీళ్లు పట్టి ఒక రాత్రి తెరిచి ఉంచి వాడుకోండి.

మిద్దెగది_నాచారం · మే 29, రాత్రి 8:30

పని ముగించాను. చెప్పినట్టే రెండింటికి కోకోపీట్, ఇడ్లీపాత్రలో ఆవిరి పట్టి. చెంబున్నర పోసి, ఇంకొంచెం, అగరుబత్తి పుల్లతో కొలిచాను. అంచుల్లో నిజంగానే తక్కువ పడింది, సరిచేశాను. ఇంకో రెండు మట్టి గీకి కదిపాను. మట్టి లోపల గడ్డిపరకలకు అంటుకున్న చోట నీళ్లు నిలిచి ఉన్నాయి, అది చూస్తే బాధేసింది. పాపం, ఊపిరాడక పదహారు రోజులు కూర్చున్నాయి.

మగ్గుతో నీళ్లు చల్లడం మానేసి చేతి స్ప్రేయర్ కొన్నాను.

గడ్డివాము_ఘట్‌కేసర్ · మే 29, రాత్రి 9:00

మంచి పని అక్కా. ఒక్క మాట. మొగ్గలు వచ్చేవరకు పొర తడిగా ఉంచండి, మొగ్గలు బఠాణీ గింజంత అయ్యేదాకా వాటి మీద నేరుగా కొట్టకండి. గోనెపట్టాల మీద, నేల మీద కొట్టండి. ఉదయం, సాయంత్రం అరగంట తలుపు తీయండి. గాలి అందకపోతే కాడలు సన్నగా పొడుగ్గా సాగి, గొడుగు చిన్నదిగా ఉంటుంది. వెలుతురు కూడా కావాలి, చీకటి గది పనికిరాదు.

మిద్దెగది_నాచారం · జూన్ 3, ఉదయం 7:20

కోకోపీట్ ముక్కల్లో పోగులు పొరలో పైదాకా దాదాపు ఎక్కేశాయి. ఐదు రోజులకే! గీకిన నల్లమట్టి వాటిలో ఒకటి నెమ్మదిగా కదులుతోంది, ఒకటి అలాగే ఉంది. నిన్న మిగతా మూడు కవర్లు కోసి మూడు ముక్కలకు కోకోపీట్, మూడింటికి ఎర్రమట్టి, ఇసుక రెండు సెంటీమీటర్లు వేశాను.

ఒక సందేహం. కోకోపీట్ ముక్కల్లో ఒకదాని మీద పైన కూడా దుప్పటి కప్పినట్టు తెల్లగా పరుచుకుంటోంది. ఇది మంచిదేనా?

విశ్రాంత_వ్యవసాయాధికారి · జూన్ 3, ఉదయం 9:00

కాదమ్మా. పోగులు పొర పైకి వచ్చి అక్కడే దుప్పటిలా పరుచుకుంటే మొగ్గ కట్టవు, పైన నీళ్లు కూడా లోపలికి ఇంకవు. గాలి చాలక, గది వేడి ఎక్కువై అలా అవుతుంది. కడిగిన ఫోర్కుతో పైన అర సెంటీమీటరు మేర మెల్లగా కదిపి, దుప్పటి తెంపి, ఒకసారి సన్నగా నీళ్లు కొట్టి, తలుపు తీసే సమయం పెంచండి. రేకు మీద మధ్యాహ్నం గోనెపట్టాలు పరిచి తడపండి. గదిలో 35 దాటకుండా చూసుకోండి.

మిద్దెగది_నాచారం · జూన్ 9, ఉదయం 6:15

మొగ్గలు! కోకోపీట్ రెండు ముక్కల్లోనూ! నిన్న మృగశిర కార్తె, సాయంత్రం వాన పడింది, రాత్రి గది చల్లబడింది. పొద్దున్నే వెళ్లి చూస్తే తెల్లటి గుండుసూది తలలు ఒక్కో ముక్కలో ఇరవై దాకా. ఫోర్కుతో కదిపిన దాంట్లోనే ఎక్కువ. మా అత్తగారిని చేయి పట్టుకుని మిద్దె మీదికి తీసుకొచ్చి చూపించాను.

పీచుకుండీ_సైనిక్‌పురి · జూన్ 9, ఉదయం 7:00

కడుపు నిండింది వింటుంటే! ఇప్పుడు వానలు మొదలయ్యాయి కాబట్టి నీళ్లు తగ్గించండి. మే నెల అలవాటులో రోజుకు మూడుసార్లు కొడితే మొగ్గల మీద గోధుమ మచ్చలు పడతాయి. పొరను వేలితో నొక్కి చూడండి, తడి వేలికి అంటాలి, నీళ్లు ఊరకూడదు. వచ్చే విడతకు మందం కూడా రెండున్నరకు తగ్గించుకోవచ్చు. నేను జూలైలో రెండున్నరే వేస్తాను.

మిద్దెగది_నాచారం · జూన్ 16, సాయంత్రం 6:40

ఈ ఉదయం కోకోపీట్ ముక్కల మొదటి కోత, రెండింటికీ కలిపి కిలోకు కొంచెం తక్కువ. మెలితిప్పి తీశాను. ఎర్రమట్టి ముక్కలు మూడింటిలోనూ మొగ్గలు ఉన్నాయి, సంఖ్య తక్కువ, ఒక్కొక్కటి మాత్రం లావుగా, గట్టిగా ఉంది. మూడు కోకోపీట్ ముక్కల్లో ఎక్కువ మొగ్గలు, సన్నగా. శామీర్‌పేట అన్న మట్టిని ఎందుకు వదలడో ఇప్పుడు తెలిసింది. గీకిన నల్లమట్టి వాటిలో ఒకదాంట్లో రెండే రెండు వచ్చాయి, రెండోది పారేశాను.

ఒక ఎర్రమట్టి ముక్క అంచున సన్నటి కాడతో బూడిదరంగు గొడుగులు నాలుగు వచ్చాయి. ఇవి కూడా తినేవేనా?

విశ్రాంత_వ్యవసాయాధికారి · జూన్ 16, రాత్రి 7:30

తినవద్దు. మట్టితోపాటు వచ్చిన వేరే జాతి అది. సాయంత్రానికి నల్లగా కరిగిపోతే సిరాగొడుగు అనుకోవచ్చు, కానీ పేరు ఏదైనా మీరు విత్తనం వేయనిది మీ కవరులో వచ్చినా వండవద్దు. వానాకాలంలో పార్కుల్లో, పచ్చికల్లో వచ్చే పెద్ద తెల్లగొడుగులూ అంతే, వాటిలో విషమున్నవి ఉన్నాయి. చేతికి తొడుగు వేసుకుని తీసేయండి.

కొత్త_సాగు_మియాపూర్ · జూన్ 17, ఉదయం 8:10

నేనూ నాలుగు కవర్లు వేశాను అక్కా, పాల పుట్టగొడుగులే, వరిగడ్డి మీద. చెంబు కొలత రాసి పెట్టుకున్నాను. ఒకటి అడగాలి, మొదటి కోత అయ్యాక పైపొరలో గుంటలు పడతాయి కదా, రెండో కోతకు కొత్త పొర వేయాలా?

ఎర్రచెలక_శామీర్‌పేట · జూన్ 17, ఉదయం 8:45

కొత్త పొర అక్కర్లేదు తమ్మీ. కాడల మొదళ్లు, ఎండిపోయిన మొగ్గలు మిగలకుండా ఏరేయి, అవి ఉంటే ఈగలు చేరతాయి. గుంటలు పడిన చోట మాత్రం ఆవిరి పట్టిన మిశ్రమం గుప్పెడు వేసి చుట్టూ ఉన్న మట్టంతో సమం చేయి. ఒక రోజు నీళ్లు ఆపి, మరునాటి నుంచి మళ్లీ మొదలుపెట్టు.